చిన్నోడు కోరుకున్న బండి

మొదటి దెబ్బ కారుకు పడింది, రెండోది హుస్సేన్ వలికి.

పొద్దున తొమ్మిదిన్నరకు నంద్యాలలో వలి మెకానిక్ షెడ్డు ముందు తెల్ల కారు వచ్చి ఆగింది. దాన్లోంచి గురుప్రసాద్ దిగాడు. పలకరింపు లేదు, పాడు లేదు. గోడకు ఆనించి ఉన్న జాకీ రాడ్డు అందుకుని తన కారు డిక్కీ మీదే బలంగా ఒక్కటిచ్చాడు. ఎనభై నాలుగు లక్షల బండి. రేకు లోపలికి పోయి, దాని మీద అతికించిన ఎర్ర అక్షరం ఊడి వలి కాళ్ల దగ్గర పడింది. ఏందప్పా ఇది అంటూ వలి లేవబోయేసరికి రాడ్డు తిరిగొచ్చి అతని ఎడమ భుజం మీద పడింది. యాభై నాలుగేళ్ల మనిషి, స్టూలుతో సహా కింద పడ్డాడు.

"వలన్నా, ఇది ఏం బండి?" అన్నాడు గురుప్రసాద్.

ఈ ప్రశ్న ఏదో ఒకనాడు వస్తుందని వలి మూడు నెలలుగా ఎదురుచూస్తూనే ఉన్నాడు. నిజం చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ మనిషి ఇట్లనుంచి ఇట్లే ఆళ్లగడ్డ పోయి అన్నను చంపుతాడు, లేకపోతే అన్న చేతిలో చస్తాడు. అబద్ధం చెబితే ఈ రాడ్డు ఈసారి భుజం మీద ఆగదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ కింద పడ్డ క్షణాన వలికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

ఈ గొడవకు మూలం మూడు నెలల వెనక ఉంది. జనార్దనం, గురుప్రసాద్ ఆళ్లగడ్డ అన్నదమ్ములు. శెట్ల ఇల్లు. నూనె మిల్లు, శనగల గోడౌన్లు, కొలిమిగుండ్ల దగ్గర నాపరాళ్ల గని. ఈ సీమలో కత్తి పట్టిన ఇళ్ల కథలు చెప్పుకునేవాళ్లకు కొదవ లేదు గానీ వీళ్లది తక్కెడ పట్టిన ఇల్లు. తక్కెడ పట్టిన చెయ్యి రాడ్డు పట్టదని ఎవరైనా అన్నారంటే వాళ్లు ఏ బజారులోనూ పట్టుమని పది రోజులు కూర్చోలేదన్నమాట.

తండ్రి పోయిన రెండేళ్లకు అన్నదమ్ములు పంపకాలు పెట్టుకున్నారు. ఆ ఇంట్లో దానికొక పద్ధతి ఉంది. పెద్దోడు భాగాలు వెయ్యాలి, చిన్నోడు ముందు కోరుకోవాలి. పెద్దోడు ఒక భాగంలో ఎక్కువ పెడితే అది చిన్నోడికే పోతుంది గనక ఒళ్లు దగ్గర పెట్టుకుని సమంగా వేస్తాడు. కోరుకోవడానికి ముందు బయటి మనిషి ఒకడు రెండు భాగాలూ చూసి సమం అనాలి. ఆ మాట పడ్డాక కాగితాలు చూపించమని అడగకూడదు, అడిగితే అన్నను దొంగ అన్నట్టే. తాతల నాడు ఎద్దులకూ బండ్లకూ పెట్టుకున్న పద్ధతి అది. ఎద్దును చూస్తే ఎద్దు సంగతి తెలుస్తుంది. ఈ కాలపు కారును చూస్తే దాన్ని చేసినవాడు మనకు ఏం చూపించదలుచుకున్నాడో అదొక్కటే తెలుస్తుంది.

మిల్లూ గోడౌన్లూ గనీ చూసి సమం అనడానికి పాత గుమాస్తా ఓబయ్య వచ్చాడు. చివరికి రెండు కార్లు మిగిలాయి. జనార్దనం నెల ముందే హైదరాబాదు పోయి మిల్లు పేరు మీద తెచ్చిన జర్మనీ కార్లు, రెండూ ఒకే పేరువి, రెండూ తెల్లవి. వాటిని చూడటానికి నంద్యాల నుంచి హుస్సేన్ వలిని పిలిపించారు. హైదరాబాదులో పదకొండేళ్లు అట్లాంటి బండ్ల కిందే పడుకుని పనిచేసి వచ్చిన మనిషి, పాణ్యం నుంచి చాగలమర్రి దాకా ఖరీదైన పాత కారు కొనాలంటే ముందు వలికి చూపించాల్సిందే.

ఆ కంపెనీలవాళ్లు రేట్లు ఎట్లా కడతారో వలికి బాగా తెలుసు. ఒకే రేకు, ఒకే సీట్లు, మామూలు ఇంజను, డెబ్బై అయిదు లక్షలు. దానికే బంపర్లు మార్చి, నల్ల చక్రాలు తగిలించి, వెనక నాలుగు పొగగొట్టాల మూతులు పెట్టి, పందెం బండికి వేసే ఎర్ర అక్షరం అతికిస్తే ఎనభై నాలుగు. ఇంజను మాత్రం అదే. పై పటారం, లోన లొటారం. నిజంగా పందెం ఇంజనే కావాలి, దానికి తగ్గ బ్రేకులు కావాలి అంటే కోటీ యాభై. మధ్యలో ఆ ఎనభై నాలుగు మెట్టు ఎందుకంటే, కోటిన్నర పెట్టలేనివాడు తొమ్మిది లక్షలు పారేసి పందెం బండి వేషం కొనుక్కోవడానికి. ఆ వేషం మీద వచ్చే లాభంతోనే సగం కంపెనీ నడుస్తుందని అక్కడి మేస్త్రీలు నవ్వుకునేవాళ్లు. చిన్న కారులో గట్టి ఇంజను రేటునూ పెద్ద కారులో ఉత్త ఇంజను రేటునూ పక్కపక్కనే పెడతారు, కొనేవాడు ఇదా అదా అని ఊగిసలాడి చివరికి ఇంకో మెట్టు ఎక్కుతాడు. అన్నిటికన్నా వింత, కోటిన్నర పెట్టినవాడు నాకు అక్షరం వద్దు, బండి సాదాగా కనపడాలి అంటే ఒక్క పైసా తీసుకోకుండా పీకేసి ఇస్తారు. డబ్బున్నవాళ్లలో అట్లాంటి గుట్టు మనుషులూ ఉంటారు మరి.

జనార్దనం సరిగ్గా ఆ గుట్టునే వాడుకున్నాడు. వలి రెండు కార్ల చుట్టూ తిరిగాడు. ఒకటి ఎర్ర అక్షరాలతో, నల్ల చక్రాలతో పెళ్లికొడుకులా నిలబడి ఉంది. రెండోది బోసి డిక్కీతో, వెండి రంగు చక్రాలతో, సాదాసీదాగా ఉంది. కానీ ఆ సాదా కారు చక్రం సందులోంచి చూస్తే బ్రేకు పళ్లెం అన్నం తినే తట్టంత ఉంది. అక్షరాల కారుకు ఉన్నది సాసరంతే. అది చూసిన మరుక్షణం వలికి అంతా అర్థమైంది. తల ఎత్తేసరికి జనార్దనం అతన్నే చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి, రెండూ ఒకటే కదా వలీ అన్నాడు మెల్లగా. గంట కిందట జరిగిన పంపకంలో వలి షెడ్డు ఉన్న నంద్యాల జాగా జనార్దనం భాగంలో పడింది. ఆ సంగతి జనార్దనం నోటితో అనలేదు. అనాల్సిన పనీ లేదు.

ఒకే కంపెనీ, ఒకే పేరు, రెండూ సమమే అన్నాడు వలి. ఆ మాట అన్న నోటితో ఆ పూట అన్నం తినలేకపోయాడు.

అక్షరాల బండి నాకు వస్తే బాగుండునని జనార్దనం తల్లి అహల్యతో అందరికీ వినపడేలా అన్నాడు. అంతే, గురుప్రసాద్ వెంటనే దాన్నే కోరుకున్నాడు. కోరుకుని, అన్న ముఖం చిన్నబోయిందని జాలిపడి కౌగిలించుకున్నాడు కూడా. ఆ కౌగిలింతే తర్వాత అతన్ని ఎక్కువ కాల్చింది.

నిన్న మొదటి సర్వీసుకని గురుప్రసాద్ బండి హైదరాబాదు తీసుకుపోయాడు. అన్నకు వేసిన ఆయిలే తనకూ వెయ్యమన్నాడు. కౌంటరు దగ్గరి మనిషి నవ్వి, మీ అన్నగారిది కోటిన్నర బండి సార్, ఆ ఆయిలు మీదానికి అక్కర్లేదు, మీది అక్షరం ఒక్కటే కదా అన్నాడు. పక్కనున్న ఇద్దరు కూడా నవ్వారు. ఆ నవ్వు చెవిలో పెట్టుకునే గురుప్రసాద్ తెల్లవారుజామున బయల్దేరి నేరుగా వలి షెడ్డుకు వచ్చాడు.

"ఇది ఏం బండని అడగతాండా," అన్నాడు మళ్లీ.

వలి నేల మీదే కూర్చుని చెప్పేశాడు. బండి మామూలుది, అక్షరం అతికించింది, అసలుది అన్న దగ్గర ఉంది. ఆ రోజు చూసిన నిమిషంలోనే తనకు తెలిసింది. షెడ్డు జాగా పోతుందని భయపడి నోరు మూసుకున్నాడు. ఒక్క మాట కూడా దాచలేదు. దాచడానికి ఒంట్లో ఇంక బలం లేదు.

గురుప్రసాద్ విన్నాడు. విని, వలి కుడి చేతిని నేల మీద చెప్పుకాలితో తొక్కిపట్టి రాడ్డుతో కొట్టాడు. రెండు వేళ్లు విరిగిన చప్పుడు వలికి వినపడింది. పక్క షెడ్డువాళ్లు పరిగెత్తుకొచ్చారు. రాడ్డు చూసి దూరంగానే ఆగిపోయారు.

"అరవై ఆరు లక్షలు పోతే పోనీ. వాడు అడిగింటే ఇస్తాంటి. ఊరంతా నన్ను ఎర్రోణ్ణి చేసి నవ్వుతాందే, అది ఎట్ల మింగేది?" అన్నాడు. "లెయ్. మాయమ్మ ముందర చెబుదువు గానీ. ఆమె ముందరే వాని సంగతి చూస్తా."

వలిని చొక్కా పట్టుకుని కారులో ముందు సీట్లో తోశాడు. ఆ రాడ్డు వెనక సీట్లో పడేశాడు. వలి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నెత్తురు తువాలుతో చుట్టుకుంటూ, తోవ పొడుగునా బతిమాలాలని నిశ్చయించుకున్నాడు. ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైమాటే. అంతసేపు మాట్లాడితే మనిషి చల్లబడకపోతాడా అనుకున్నాడు. తల్లి ముందు కూర్చోబెడితే ఆమే ఇద్దరినీ నాలుగు తిట్టి కూర్చోబెడుతుందని ఆశపడ్డాడు. అయ్యలూరు దాటేదాకా ఆ ఆశ నిలిచింది.

అయ్యలూరు దాటాక ముందు బోసి డిక్కీ తెల్ల కారు కనపడింది. నంద్యాల మార్కెట్ యార్డులో పని చూసుకుని జనార్దనం ఇంటికి పోతున్నాడు. గురుప్రసాద్ కాలు యాక్సిలరేటరు మీద కిందికి దిగింది. హారను కొట్టుకుంటూ, లైట్లు వేసి ఆర్పుతూ అన్న వెనకాల పడ్డాడు.

జనార్దనం అద్దంలో తమ్ముణ్ణి చూశాడు. తెలిసిపోయిందని అతను అనుకోలేదు. తమ్ముడు సరదాకు పందెం వేస్తున్నాడనుకున్నాడు. మూడు నెలలుగా అతను కడుపులో దాచుకున్న ఒక పాడు సంతోషం ఉంది, దాన్ని తీర్చుకోవడానికి అంతకంటే మంచి రోడ్డు ఎక్కడ దొరుకుతుంది. తమ్ముణ్ణి దగ్గరికి రానిచ్చాడు. బారెడు దూరంలోకి వచ్చాక ఒక్కసారి ముందుకు దూకాడు. ఆ కారు రోడ్డును లాక్కుని పోయినట్టు పోయింది. అర కిలోమీటరు పోయి మళ్లీ నిదానించాడు. గురుప్రసాద్ నూట ఎనభైలో వచ్చి దాని వెనక గట్టిగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. మళ్లీ అన్న దూకాడు, మళ్లీ నిదానించాడు, మళ్లీ తమ్ముడు బ్రేకు తొక్కాడు. శిరివెళ్ళ వచ్చేలోపు నాలుగుసార్లు.

నాలుగోసారికి వలి ముక్కుకు వాసన తగిలింది. కాలిన బ్రేకు వాసన. కోటిన్నరలో సగం పరిగెత్తడానికి కాదు, ఆపడానికి తీసుకుంటారని ఆ కంపెనీ షెడ్డులో పెద్ద మేస్త్రీ చెప్పిన మాట నిజం. పళ్లెం పెద్దదైతే వేడి ఆరుతుంది. ఈ సాసర్లు నూట ఎనభైని ఒకసారి ఆపుతాయి, రెండుసార్లు ఆపుతాయి, ఆ తర్వాత ఎర్రగా కాలి, లోపలి నూనె మరిగి, పెడలు మెత్తబడి పోతుంది.

"అప్పా, కాలు తియ్. ఈ బండికి ఆ బ్రేకులు లేవు. ఇంకోసారి ఆగదు," అన్నాడు వలి.

గురుప్రసాద్ ఎడమ చేతి వెనకతో వలి మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లింది. "ఇంగా నా బండికి లేనియన్నీ చెప్పు. మూడు నెల్ల నాడు చెప్పలేకపోతివి, ఈపొద్దు చెప్పనీకె వచ్చినావ్," అన్నాడు. బ్రేకుల మాట అతనికి హెచ్చరికలా వినపడలేదు. కౌంటరు దగ్గరి నవ్వులాగే వినపడింది. మరింత తొక్కాడు.

ఇంక ఈ మనిషితో లాభం లేదు, ముందు పోయేవాడికైనా చెప్పాలనుకున్నాడు వలి. ఎడమ చేత్తో ఫోను తీసి జనార్దనానికి చేశాడు. గురుప్రసాద్ ఓరకంట చూసి, చెయ్, చెప్పు వానికి, వస్తాండానని చెప్పు అన్నాడు.

అక్కడ వలి చేసిన తప్పు చాలా చిన్నది. చెప్పాల్సినవి రెండు మాటలు. బ్రేకులు పోయాయి, ఆపొద్దు అనేది ఒకటి. తమ్ముడికి తెలిసిపోయింది అనేది రెండోది. కడుపులో మూడు నెలలుగా కుళ్లుతున్నది రెండోది గనక అదే ముందు బయటికి వచ్చింది.

"సెట్టీ, తమ్మునికి తెలిసిపోయినాది. నేనే చెప్పినా," అన్నాడు.

అవతల జనార్దనం గొంతు వచ్చింది. అందులో ఆట లేదు.

"తెలిసెనా," అన్నాడు. "సరే, ఆపుతా. వాడు నాలుగు కొడితే కొట్టనీ. బండి తాళం వాని చేతికే ఇస్తా."

ఆపొద్దు అని వలి అరిచాడు. అప్పటికే జనార్దనం ఫోను పెట్టేశాడు.

అర కిలోమీటరు ముందున్న కారు వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. నూట డెబ్బైలో పోతున్న బండి మేకు దిగగొట్టినట్టు అక్కడికక్కడ నిలబడిపోయింది. ఎడమపక్క శనగ బస్తాల ట్రాక్టరు, కుడిపక్క డివైడరు. జనార్దనం తలుపు తీసుకుని దిగాడు. తెరిచిన తలుపు దగ్గరే నిలబడి, తమ్ముడి వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తాడు.

గురుప్రసాద్ కాలు బ్రేకు మీదికి వచ్చింది. వలి ఆ కాలినే చూస్తున్నాడు. పెడలు నేలదాకా దిగిపోయింది. కాలు తీసి మళ్లీ తొక్కాడు. మళ్లీ నేలదాకా పోయింది. రెండు కాళ్లూ పెట్టి సీట్లోంచి లేచి నిలబడి తొక్కాడు. కారు కాస్త తగ్గింది, ఆగలేదు. "అన్నా, పక్కకు పో," అని గురుప్రసాద్ అరిచిన అరుపు అద్దాలు మూసిన ఆ కారులోనే ఉండిపోయింది.

జనార్దనం తలుపుకూ కారుకూ మధ్య నలిగిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయే పని కూడా లేకపోయింది. ఎనభై నాలుగు లక్షల బండి ముందు భాగం అంతా కోటిన్నర బండిలోకి చొచ్చుకుపోయింది. ఎయిర్‌బ్యాగులు పేలి వలి ముక్కు పగిలింది, గురుప్రసాద్ పక్కటెముకలు మూడు విరిగాయి. అయినా పాక్కుంటూ దిగి, అన్న తల ఒళ్లో పెట్టుకుని, చొక్కాతో నెత్తురు తుడుస్తూ కూర్చున్నాడు. ఎవరు లాగినా లేవలేదు. ట్రాక్టరులోని కూలోళ్లు దిగి, కారులో రాడ్డు చూసి, ఇది చంపాలని చేసిన పనే అనుకున్నారు. మధ్యాహ్నానికి ఆళ్లగడ్డలో ఇంటింటికీ అదే మాట.

పోలీసులు వచ్చి గురుప్రసాద్‌ను అడిగినప్పుడు అతను కూడా అదే మాట చెప్పాడు. కావాలనే గుద్దినా, రాసుకోండి అన్నాడు. నంద్యాల ఆసుపత్రిలో పడకకు సంకెళ్లు వేశారు. వలి చేతికి కట్టుతో స్టేషనుకు పోయి బ్రేకుల సంగతి చెప్పాడు. బ్రేకు తొక్కాడు, రెండు కాళ్లతో తొక్కాడు, నా కళ్లతో చూశానన్నాడు. నిందితుడే ఒప్పుకున్నాక నీ సాక్ష్యం దేనికయ్యా అన్నారు. వలికి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఆ మొండివాడికి అన్నను పోగొట్టుకున్నాక ఇంక దేనిమీదా ఆశ లేదు. దానికి తోడు, దొంగ బండితో మోసపోయి బ్రేకులు లేక చంపానని కోర్టులో చెప్పి మళ్లీ నవ్వులపాలు కావడం కంటే ఉరికంబమే మేలనుకుంటున్నాడని వలికి అర్థమైంది.

పన్నెండో రోజు వలి ఆళ్లగడ్డ పోయి అహల్య ముందు నిలబడ్డాడు. ఆమె వంటింటి గడపలో కూర్చుని ఉంది. ఎదుట ఎవరో పెట్టిన కాఫీ చల్లారి తరక కట్టింది. ఆమె కూర్చోమనలేదు. వలి మొత్తం చెప్పాడు, చక్రం సందులో చూసిన పళ్లెం దగ్గర్నుంచి ఫోనులో ముందు చెప్పాల్సిన మాట వెనక చెప్పడం దాకా. నీ చిన్న కొడుకు చంపలేదమ్మా, బ్రేకు తొక్కినాడు అన్నాడు. ఇది చెబితే ఆమెకు కాస్త ఊరట అవుతుందని అంత దూరం వచ్చాడు.

అహల్య తల ఎత్తి వలి చేతి కట్టు వైపు చూసింది.

"ఆ దినం నువ్వు నిజం చెప్పింటే ఏమయ్యేది?" అంది.

"కొట్టుకుందురమ్మా. తలకాయలు పగలగొట్టుకుందురు. అందుకే గమ్ముగుంటి," అన్నాడు వలి. షెడ్డు జాగా మాట ఆ నిమిషంలో మళ్లీ దాచుకున్నాడు, దాచుకున్నానని తెలిసి సిగ్గుపడ్డాడు.

"కొట్టుకుంటే కొట్టుకుందురు," అంది ఆమె. "ఇద్దరూ బతికుందురు."

ఆమె గోడ పట్టుకుని లేచి, కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.